చెరో చెయ్యి

మా డయాలసిస్ సెంటర్ మందుల షాపు పైన, రెండో అంతస్తులో ఉంటుంది. ఎనిమిది కుర్చీలు, ఎనిమిది యంత్రాలు, నీళ్ళు శుద్ధిచేసే గది ఒకటి, బయట వరండాలో రోగుల తాలూకు మనుషులు కూర్చోవడానికి రెండు బల్లలు. నేనక్కడ టెక్నీషియన్‌ని. పదకొండేళ్ళుగా అదే పని. పొద్దున్న ఆరింటికల్లా వచ్చి యంత్రాలు పరీక్షించి, గొట్టాలు బిగించి, ఏడింటికి మొదటి షిఫ్టు వాళ్ళకు సూదులు పెడతాను. కిడ్నీలు చేయాల్సిన పని యంత్రం చేయాలంటే మనిషి నాలుగు గంటలు కుర్చీకి అతుక్కుని ఉండాలి. వారానికి మూడుసార్లు. సూదులున్న చెయ్యి మడవకూడదు, కదపకూడదు. రెండో చెయ్యి మాత్రం వాళ్ళ సొంతం. దాంతోనే ఫోన్ చూసుకుంటారు, దురద పెడితే గోక్కుంటారు, నన్ను రమ్మని సైగ చేస్తారు.

ఐదో కుర్చీ సర్వేయరు గారిది. భూములు కొలిచే శాఖలో ముప్ఫై నాలుగేళ్ళు పనిచేసి రిటైరయ్యారు. అరవై ఏడేళ్ళ వయసు, పొడుగు మనిషి, కుర్చీలో కాళ్ళు ఎప్పుడూ చివర వేలాడుతుండేవి. నేను బాబాయిగారూ అని పిలిచేదాన్ని. ఆయన భార్యను పిన్నిగారూ అనేదాన్ని. ఆవిడ రోజూ ఆయన వెంట ఆటోలో వచ్చి, ఆయన్ని లోపలికి పంపి, బయట బల్ల మీద కూర్చునేవారు. చేతిలో పుస్తకం ఉండేది కాదు, ఫోన్ ఉండేది కాదు. గోడకేసి చూస్తూ నాలుగు గంటలూ అలాగే కూర్చునేవారు.

సర్వేయరు గారికి సైన్స్ ఫిక్షన్ అంటే ప్రాణం. యాభై ఏళ్ళుగా అవే చదివారు, అవే చూశారు. రాకెట్లు, వేరే గ్రహాల మనుషులు, కాలంలో వెనక్కి వెళ్ళడాలు, మనుషుల మాట వినని యంత్రాలు, అన్నీ ఆయనకు బంధువుల్లాంటివి. కొత్త రోగి ఎవరైనా వస్తే, పేరు కూడా అడగకుండా మీరేం చదువుతారని అడిగేవారు. వాళ్ళేం చెప్పినా, అది కాదు, ఇది చదవండి అంటూ జాబితా రాసిచ్చేవారు. నాకే మూడు జాబితాలు ఇచ్చారు. మొహమాటానికి తీసుకుని బీరువాలో చేతితొడుగుల పెట్టె వెనక పెట్టాను.

మనిషి మంచివాడే. ఒక్కటే తంటా. మూడు గంటలవగానే యంత్రం తీసేయమనేవారు. నాలుగో గంట కూర్చోరు. సొంత పూచీ మీద లేస్తున్నానని కాగితం మీద సంతకం పెట్టి వెళ్ళిపోయేవారు. అలా గంట గంట తగ్గిస్తూ పోతే ఒంట్లో నీరు మిగిలిపోతుంది. కాళ్ళు ఉబ్బుతాయి, గుండె మీద బరువు పడుతుంది. డాక్టరుగారు కోప్పడ్డారు, బతిమాలారు, భయపెట్టారు. ఏం లాభం లేకపోయింది.

ఒకరోజు నేనే అడిగాను, ఆ గంట ఎందుకు కూర్చోరని. చూడ్డానికి ఏమీ లేదన్నారు. బాగున్నవన్నీ చూసేశారట. చూడనివన్నీ బాగుండవట. ‘‘నేను చూడనిది, చూడదగ్గది ఒక్కటి తెచ్చిపెట్టు. నాలుగో గంట కూర్చుంటాను,’’ అన్నారు.

నాకా సబ్జెక్టులో అ ఆలు రావు. అయినా మాట ఇచ్చారు కదాని వేటలో పడ్డాను. మా ఆయన ఎలక్ట్రీషియన్. ఆయన్నడిగితే రోబోల సినిమా ఒకటి చెప్పారు. సర్వేయరు గారు పది నిమిషాలు చూసి, ఆ రోబోకి ఛార్జింగ్ ఎక్కడ పెడతారో మీ ఆయన్ని కనుక్కోమన్నారు. ఆ ప్రశ్న ఇంట్లో అడిగితే మా ఆయన రాత్రి భోజనం అయ్యేదాకా ఆలోచించి, నిజమే, ప్లగ్గు లేదన్నారు. కింద మందుల షాపాయన ఒక సీరియల్ చెప్పాడు. దాని ఐదు భాగాలూ సర్వేయరు గారికి కంఠతా వచ్చు, నాలుగో భాగం దండగ అని కూడా చెప్పారు. డాక్టరుగారు ఇది మాత్రం ఎవరూ చదివి ఉండరంటూ పాత నవల ఒకటి ఇంటినుంచి తెచ్చారు. సర్వేయరు గారు అట్ట చూసి, ఇది నా పెళ్ళికి రెండేళ్ళ ముందు చదివానన్నారు. ఆయనకు నచ్చేది తేవడం నావల్ల అయ్యే పని కాదని వదిలేశాను.

ఆ తర్వాత నెలకు టైలరమ్మాయి వచ్చింది.

ముప్ఫై ఏళ్ళుంటాయేమో. ఇంటి ముందుగదిలో మిషను పెట్టుకుని స్కూలు యూనిఫాంలు, ఆడవాళ్ళ బట్టలు కుట్టేది. ఎడమచేతి వాటం మనిషి. అందుకని సూదులు పెట్టడానికి వీలుగా రక్తనాళాలు కలిపే ఆపరేషన్ కుడిచేతికి చేశారు, కత్తెర పట్టే చెయ్యి ఖాళీగా ఉండాలని. మామూలుగా మాకు వచ్చేవాళ్ళలో ఎక్కువమందికి ఎడమచేతికే ఉంటుంది. సర్వేయరు గారికీ అంతే. ఆ అమ్మాయికి ఆరో కుర్చీ ఇచ్చాను. ఆయనకు కుడిపక్కన.

మొదటి రెండు వారాలు ఎవరితోనూ మాట్లాడలేదు. ఏడవలేదు కూడా. పైకప్పు చూస్తూ పడుకునేది. పైకప్పులో ఎన్ని పలకలున్నాయో నాకు తెలియదుగానీ ఆ అమ్మాయికి తెలుసు, అరవై నాలుగు, అందులో రెండు పగిలినవి. సర్వేయరు గారు ఊరుకుంటారా? మూడు పుస్తకాలు సంచీలో వేసుకొచ్చారు. ఒక్కొక్కటి ఇటుకంత. మూడింటిలో మొదటిది చదివితే మిగతా లోకం చిన్నదైపోతుందని చెప్పి ఇచ్చారు. ఒక్క చేత్తో ఆ పుస్తకం పట్టుకుంటే మణికట్టు లాగింది. పొట్టమీద పెట్టుకుంది. ఐదు నిమిషాల్లో నిద్రపోయింది. ఆయన మొహం మాడిపోయింది.

ఆ రోజు ఆయనకు సూదులు తీస్తూ నేనో మాటన్నాను. నా దగ్గరికి కొత్తవాళ్ళొస్తే ముందు చెయ్యి పట్టుకుని నరం ఎక్కడుందో చూస్తాను, తర్వాతే సూది గుచ్చుతాను, మీరు చూడకుండానే గుచ్చేస్తున్నారు అని. ఆయన దూది నొక్కిపట్టుకుని కాసేపు కూర్చుని వెళ్ళిపోయారు.

ఒకరోజు విడిచి మళ్ళీ వచ్చినప్పుడు మాత్రం పుస్తకాలు లేకుండా వచ్చారు. అమ్మాయీ, నీకేం చూడ్డమంటే ఇష్టం అని అడిగారు. ఆ అమ్మాయి చాలాసేపు ఆలోచించింది. మనుషులు ఎలా రోజు గడుపుకుంటారో చూడ్డం ఇష్టమంది. కొత్త ఇంట్లోకి వెళ్ళినవాళ్ళు ఏది ఎక్కడ సర్దుకుంటారు, ఎవరు ముందు లేస్తారు, అలాంటివి. అలాంటి సినిమా ఒకటుంది, కాకపోతే ఆ ఇల్లు అంతరిక్షంలో ఉంటుందన్నారు ఆయన. తన టాబ్లెట్ రెండు కుర్చీల మధ్య బల్ల మీద నిలబెట్టారు.

ఇరవై నిమిషాలు గడిచాక ఆ అమ్మాయి నోరు విప్పింది. ‘‘బాబాయ్, ఈవిడ నౌకలో ఒక్కతే ఉంటుంది కదా. మరి ఆ డ్రెస్సు జిప్పు వీపు మీదుంది. ఎవరు పెట్టారు?’’

సర్వేయరు గారు ఆ సినిమా పదకొండుసార్లు చూశారు. ఆ జిప్పు ఒక్కసారీ చూడలేదు. వెనక్కి జరిపి మళ్ళీ చూశారు. నిజంగానే వీపు మీదుంది. ఆయన నవ్వడం నేను అదే మొదటిసారి చూశాను. దగ్గొచ్చేదాకా నవ్వారు.

అక్కణ్ణుంచి ఇద్దరికీ బాగా కుదిరింది. ఆయన చూసేసినవే మళ్ళీ ఆ అమ్మాయితో చూడటం మొదలుపెట్టారు. ఆయన గురుత్వాకర్షణ గురించి తప్పులు పట్టేవారు, ఆ అమ్మాయి కుట్లలో తప్పులు పట్టేది. రాజ్యాలు ఏలే గ్రహాంతర రాణి గౌనుకి చంక దగ్గర గుడ్డ చాల్లేదని, అలా కుడితే ఆవిడ చెయ్యెత్తి సైన్యానికి ఆజ్ఞ ఇవ్వలేదని తేల్చింది. ఆయన కూడా తన జాబితాలు రాయడం మానేశారు. ఒకటి చూశాక, ఇందులో నీకేది నచ్చింది అని అడిగి, దాన్నిబట్టి తర్వాతిది చెప్పేవారు. కొన్నిరోజులు నాలుగో గంట కూడా కూర్చున్నారు. కొన్నిరోజులు లేదు.

ఒక శుక్రవారం ఆ అమ్మాయి సంచీలోంచి చిన్న ఆటల యంత్రం తీసింది. అరచెయ్యికన్నా కొంచెం పెద్ద తెర, రెండు పక్కలా రెండు పిడులు. చెల్లెలు పుట్టినరోజుకి కొనిచ్చిందట. జబ్బు పడకముందు మధ్యాహ్నాలు ఆడుకునేదట. అందులో ఒక ఆట ఉంది, అది బాబాయికి నచ్చుతుందని తెచ్చానంది.

ఆయన మర్యాదగానే కాదన్నారు. పుస్తకం కథ, సినిమా కథ, సీరియల్ కూడా కథే. ఆట మాత్రం ఆటేనట. యాభై ఏళ్ళలో ఒక్క ఆటా ఆడలేదట. ఆ అమ్మాయి వాదించలేదు. ఇందులో కథ ఉందని మాత్రం చెప్పింది. పాడైపోయి దిక్కులేకుండా తిరుగుతున్న అంతరిక్ష నౌకల దగ్గరికి ఒక చిన్న మరమ్మతు నౌక వెళ్తుంది. లోపల చిక్కుకున్నవాళ్ళను బయటికి తీయాలి. తీసేకొద్దీ ఆ నౌకల్లో వాళ్ళు రాసుకున్న ఉత్తరాలు దొరుకుతాయి. ఆ ఉత్తరాలు వరసగా చదివితేగానీ అసలేం జరిగిందో తెలియదు. ఎడమ పిడితో నౌకను నడపాలి, కుడి పిడితో నౌకకున్న ఇనుప చేతిని ఆడించాలి. తనకిప్పుడు కుడిచెయ్యి లేదు కాబట్టి ఆడలేకపోతున్నానంది.

ఆయన ఉత్తరాల దగ్గర ఆగిపోయారని నాకు అర్థమైంది. ఎవరికి రాసుకున్నారు అని అడిగారు.

నేను పక్కనే గొట్టం సరిచేస్తున్నాను. ‘‘మీకు కుడిచెయ్యి ఖాళీ, తనకి ఎడమచెయ్యి ఖాళీ. ఇద్దరికీ కలిపి ఒక మనిషికి సరిపోతాయి కదా,’’ అన్నాను. ఊరికే అన్నాను. ఆ అమ్మాయి నావైపు చూసి, పిడులు రెండూ టకటకమని ఊడదీసింది. అవి ఊడి వస్తాయని నాకప్పటిదాకా తెలియదు. కుడిది ఆయనకిచ్చి, ఎడమది తను పట్టుకుంది. తెర బల్ల మీద నిలబెట్టింది.

మొదటి రోజు ఘోరం. ఆ అమ్మాయి నౌకను ఒకవైపు తిప్పితే ఆయన ఇనుప చేతిని ఇంకోవైపు చాచేవారు. కాపాడాల్సిన మనుషుల్ని రెండుసార్లు గోడకేసి కొట్టారు. ఆయన ఉండబట్టలేక ఎడమకి పన్నెండు డిగ్రీలు, ముందుకి నాలుగు మీటర్లు అంటూ సర్వే భాష మొదలుపెట్టారు. నాకు డిగ్రీలు రావు, వేళ్ళలో చెప్పండి అంది ఆ అమ్మాయి. చివరికి ఇద్దరూ బెత్తెలకీ జానలకీ ఒప్పుకున్నారు. ‘రెండు వేళ్ళు ఎడమ’, ‘బెత్తెడు ముందుకి’, ‘ఆపు, ఆపు, అంచు తగుల్తుంది’ అని ఐదో కుర్చీ, ఆరో కుర్చీ మధ్య నుంచి వినిపిస్తూ ఉండేది. ఉత్సాహంలో ఆయన సూదులున్న చెయ్యి కూడా కదిపేసేవారు. యంత్రం అలారం మోగేది. మూడోసారి మోగితే పిడి లాక్కుంటానని చెప్పాను. తర్వాత ఆ చేతిని తువ్వాలుతో కుర్చీకి కట్టేయమని ఆయనే అడిగారు.

పిడులు రోజూ స్పిరిట్‌తో తుడవడం నా పనుల్లో కలిసింది. ఆయన నాలుగో గంట ఎగ్గొట్టడం మానేశారు. టైమైందంటే, ఈ ఉత్తరం చదివేదాకా ఆగమనేవారు. నెల తర్వాత రక్తపరీక్షల కాగితం చూసి డాక్టరుగారు, ఏం మందు వాడుతున్నారని నన్నడిగారు. చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

అలా నాలుగు నెలలు. అప్పుడు ఆ అమ్మాయికి కిడ్నీ మార్పిడికి తేదీ ఖాయమైంది. ఇస్తున్నది అత్తగారు. పరీక్షలన్నీ సరిపోయాయి. మూడు వారాల్లో పెద్దాసుపత్రిలో ఆపరేషన్. ఆ కబురు చెప్పినప్పుడు అందరం సంతోషించాం. సర్వేయరు గారు కూడా చాలా మంచి మాటమ్మా అన్నారు, చల్లగా ఉండమన్నారు. సరిగ్గా మూడో గంట అయ్యాక నన్ను పిలిచి, యంత్రం తీసేయమన్నారు. ఒంట్లో బాగాలేదన్నారు. తర్వాత వచ్చినరోజు కూడా అంతే. ఆట తీస్తే తలనొప్పిగా ఉందన్నారు.

తర్వాత రెండు రోజుల విరామం వచ్చింది. మూడోరోజు పొద్దున పిన్నిగారు ఆయన్ని పట్టుకుని మెట్లెక్కిస్తున్నారు, ఆరోజు లిఫ్టు పనిచేయడం లేదు. ఆయన ప్రతి మెట్టు మీదా ఆగుతున్నారు. పెదాలు నల్లబడ్డాయి. ఊపిరి అందడం లేదు, మాట రావడం లేదు. చక్రాల కుర్చీలో లోపలికి తెచ్చి ఆక్సిజన్ పెట్టాం. డాక్టరుగారు పరిగెత్తుకుంటూ వచ్చారు. ఊపిరితిత్తుల్లోకి నీరు చేరింది. ఆరోజు యంత్రం మీద ఐదు గంటలు ఉంచి, మూడున్నర లీటర్లు లాగాం. మొదటి గంటన్నర అయితే నాకు నమ్మకం లేదు. పనిచేసుకుంటూ పోయాను, అంతే. పక్క కుర్చీలోంచి టైలరమ్మాయి అంతా చూస్తూనే ఉంది. పైకప్పు వైపు ఒక్కసారీ చూడలేదు.

పదింటికి ఆయన రంగు మామూలుకొచ్చింది. మాస్కు తీసి ముక్కులో సన్నగొట్టం పెట్టాను. అప్పుడు ఆ అమ్మాయి మాట్లాడింది.

‘‘నేను వెళ్ళిపోతున్నాననా, బాబాయ్?’’

‘‘నీకు మంచి జరుగుతుంటే నాకు బాధేంటమ్మా.’’

‘‘నేనడిగింది అది కాదు.’’

‘‘నువ్వు రాకముందు నాలుగో గంట ఎంత పొడుగ్గా ఉండేదో నాకు గుర్తుంది,’’ అన్నారు.

ఆ అమ్మాయి ఓదార్చలేదు. తన అత్తగారి సంగతి చెప్పింది. పదేళ్ళుగా ఇద్దరికీ పడదు. ఉప్పు ఎక్కువైందంటే యుద్ధం, తక్కువైందంటే యుద్ధం. కిడ్నీ ఇస్తానని ఆవిడే ముందుకొస్తే, ఎందుకిస్తున్నారని ఈ అమ్మాయి మొహం మీదే అడిగిందట. నువ్వు పోతే నేను ఎవరితో పోట్లాడాలి అందట ఆవిడ. ‘‘నేనంటే పడనావిడ నాకోసం కడుపు కోయించుకుంటోంది. మీరేమో ఉన్నదాన్ని గంట చొప్పున పారబోస్తున్నారు. నాకు చూడ్డానికి అసహ్యంగా ఉంది బాబాయ్.’’

అసహ్యం అన్న మాటకు ఆయన ఉలిక్కిపడ్డారు. నేను యంత్రం మీది అంకెలు చూస్తున్నట్టు నటించాను.

ఆ అమ్మాయే మళ్ళీ అంది. ‘‘బయట పిన్ని కూర్చుంటారు రోజూ. ఆవిడకి ఎప్పుడైనా ఏదైనా చూపించారా?’’

ఆవిడకి ఇలాంటివి నచ్చవన్నారు ఆయన. అడిగారా అంది. పెళ్ళయిన కొత్తలో తనకు అన్నిటికన్నా ఇష్టమైన నవల ఇచ్చానని, పది పేజీలు చదివి పక్కన పెట్టేసిందని చెప్పారు.

‘‘ఎన్నేళ్ళయింది?’’

‘‘నలభై రెండు.’’

నాకు నవ్వాగలేదు. ఆ అమ్మాయి మాత్రం నవ్వలేదు.

మిగిలిన రెండు వారాలూ ఆయన బుద్ధిగా నాలుగు గంటలూ కూర్చున్నారు. ఆటలో చివరి నౌక దాకా వచ్చారు. అది అన్నిటికన్నా పెద్దది, ముక్కలుగా విరిగి గిరగిరా తిరుగుతూ ఉంటుంది. మూడుసార్లు ప్రయత్నించారు, మూడుసార్లూ తప్పింది. ఆ అమ్మాయి ఆఖరి రోజు కూడా అంతే. టైమైపోయింది. నేను సూదులు తీసి కట్టు కట్టాక, తన చేతిలోని ఎడమ పిడిని బల్ల మీద పెట్టి, ఈ ఆటల యంత్రం మీ దగ్గరే ఉంచండి బాబాయ్ అని వెళ్ళిపోయింది. ఆపరేషన్ బాగా జరిగింది. అత్తాకోడళ్ళు ఇద్దరూ క్షేమం. కొన్ని నెలలపాటు జనంలోకి రాకూడదన్నారు కాబట్టి మా దగ్గరికి రాలేదు.

ఆరో కుర్చీలోకి వచ్చినాయన దుప్పటి ముసుగు తన్ని పడుకునే రకం. సర్వేయరు గారు వారం రోజులు ఆ యంత్రాన్ని బల్ల మీద పెట్టుకుని చూస్తూ కూర్చున్నారు. రెండో వారంలో నన్ను పిలిచి, బయటివాళ్ళను లోపల కూర్చోబెట్టడానికి రూలు ఒప్పుకుంటుందా అని అడిగారు. ఒప్పుకోదు. అయినా డాక్టరుగారి దగ్గరికెళ్ళి అడిగాను. గౌను, మాస్కు, చేతులు కడుక్కోవడం, సూదులు పెట్టేటప్పుడూ తీసేటప్పుడూ బయట ఉండటం, ఈ షరతులతో ఒప్పుకున్నారు. ఆయన కుడిపక్కన స్టూలు వేశాను.

పిన్నిగారు గౌను వేసుకుని వచ్చి, పరీక్ష హాల్లోకి వచ్చినట్టు కూర్చున్నారు. ఆయన ఎడమ పిడి చేతికిచ్చి, ఏది దేనికో చెప్పారు. ఆవిడ నౌకను నేరుగా తీసుకెళ్ళి విరిగిన ముక్కకు గుద్దేశారు. రెండోసారీ అంతే. ఆయన గొంతు పెరిగింది. ఎడమకంటే ఎడమకి కాదా, చూస్తూ చూస్తూ ఎలా గుద్దుతావు అన్నారు. ఆవిడ పిడి మెల్లగా బల్ల మీద పెట్టేశారు.

‘‘మీరు అరిస్తే నేను బయటికెళ్ళి కూర్చుంటాను. అక్కడ ఫ్యాను బాగా తిరుగుతుంది.’’

ఆయన గొంతు తగ్గించి, ఇవన్నీ నీకు నచ్చవని తెలుసు, అయినా రమ్మన్నాను అన్నారు. నచ్చవని మీకెవరు చెప్పారు అన్నారావిడ. ఆయన ఆ నవల సంగతి ఎత్తారు. పది పేజీలు చదివి పక్కన పెట్టావు కదా అన్నారు.

‘‘పదో పేజీలో, కథలోని అమ్మాయికి తల్లి చచ్చిపోతుంది. మా అమ్మ పోయి అప్పటికి నెల. చదవలేక పెట్టేశాను.’’

ఆయన ఆవిడవైపు తిరగబోయారు. అలారం మోగింది. నేను వెళ్ళి చెయ్యి సరిచేసి వచ్చాను.

‘‘నాకు చెప్పలేదేం?’’ అన్నారు.

‘‘మీరు అడగలేదు. అల్మరాలో పెట్టేశారు.’’ ఆవిడ గొంతులో కోపం లేదు, బియ్యం ఎన్ని పొయ్యాలో చెబుతున్నట్టే చెబుతున్నారు. ‘‘తర్వాత మీరు ఆఫీసుకెళ్ళాక చదివాను, ఆ పుస్తకం. ఇంకా కొన్ని చదివాను. కొన్ని బాగానే ఉన్నాయి. చాలావాటిలో వంటిల్లు ఎక్కడుందో చెప్పరు. వందేళ్ళ ప్రయాణం అంటారు, ఏం తిన్నారో రాయరు.’’

‘‘చదివావా? ఎన్ని?’’

‘‘లెక్కపెట్టలేదు. ఒక అర నిండా ఉంటాయి.’’

‘‘మరి ఒక్కనాడు నాతో అనలేదే.’’

‘‘అంటే మీరు పరీక్ష పెడతారు,’’ అన్నారు పిన్నిగారు.

నేను అక్కణ్ణుంచి వచ్చేశాను. నీళ్ళ గదిలో పీడనం చూడాల్సిన పనుంది. తిరిగొచ్చేసరికి ఆయన కుడిచెయ్యి పిడి మీద లేదు, ఆవిడ మోకాలి మీద ఉంది. తెర దానంతటదే ఆరిపోయి ఉంది. ఆ రోజు వాళ్ళు ఆట ఆడలేదు. ఆయన ఒక్కో పుస్తకం పేరు చెప్పడం, ఆవిడ చదివాననో లేదనో తలూపడం, ఎందుకు నచ్చిందో, ఎందుకు నచ్చలేదో చెప్పడం. నాలుగు గంటలు సరిపోలేదు.

చివరి నౌకను దాటడానికి వాళ్ళకు ఏడు వారాలు పట్టింది. ఆవిడ ఎప్పుడూ తొందరపడలేదు. ఆయన తొందరపడ్డప్పుడల్లా నౌకను ఆపేసి ఆయన ఊరుకునేదాకా చూసేవారు. ఆ ఓపికే పనిచేసిందనుకుంటాను. ఆ విరిగిన ముక్కలు తిరుగుతూ తిరుగుతూ ఒక్కచోట దారిస్తాయి, అక్కడిదాకా ఆగాలి. ఆఖరి మనిషిని బయటికి లాగినప్పుడు ఆయన ఏమీ అరవలేదు. ఆఖరి ఉత్తరం ఆవిడే చదివి వినిపించారు, పైకి, నెమ్మదిగా. మిగతా కుర్చీల్లో వాళ్ళు కూడా విన్నారు. దుప్పటాయన ముసుగు తీశాడు.

వెంటనే టైలరమ్మాయికి ఫోన్ చేశారు. ఆ అమ్మాయి మిషను మళ్ళీ తెరిచిందట, రోజుకి రెండు గంటలే కుడుతోందట. అత్తగారికి కుట్లు మానాయి, ఉప్పు విషయంలో మళ్ళీ యుద్ధం మొదలైందట. ఆటలో చివరికేమైందో తనకు చెప్పొద్దని, తీరిగ్గా ఇంటికొచ్చి చూస్తానని గట్టిగా చెప్పింది. ఎప్పుడొస్తావని పిన్నిగారు అడిగారు. మాస్కు తీసేయమన్న మర్నాడే అంది.

నేను సూదులు తీశాను. ఆయన దూది నొక్కిపట్టుకుని కూర్చున్నారు. ఇప్పుడేం చూద్దాం అని ఆవిడనే అడిగారు. మన అల్మరాలో కింది అరలో నీలం అట్ట పుస్తకం ఉంది, మీరు సగంలో విసుగొచ్చి పక్కన పడేశారు, దాని రెండో సగం చాలా బాగుంటుంది, అది చదవండి అన్నారావిడ. ఆయన గుర్తుచేసుకున్నారు. అందులో గ్రహాల దూరాలన్నీ తప్పని గొణిగారు. తప్పే, అయినా చదవండి అన్నారావిడ.

రెండో షిఫ్టు వాళ్ళు తలుపు దగ్గర నిలబడ్డారు. ఇక లేవాలని చెప్పాను. లేచారు. ఆయన చెప్పులు వెతుక్కుంటుంటే ఆవిడ సంచీ సర్దారు. లిఫ్టు దాకా ఆ నీలం పుస్తకం గురించే మాట్లాడుకుంటూ వెళ్ళారు. నేను కుర్చీ తుడిచి, కొత్త దుప్పటి పరిచి, తర్వాతి మనిషిని పిలిచాను.